బయటికెళ్లి ఎండలో చూసుకోండమ్మా

మా నాన్న రోజుకి నలభై యాభై సార్లు అనేవాడు ఈ మాట. శ్రావణమాసంలో అయితే లెక్కే లేదు. తెనాలిలో మాది మ్యాచింగ్ సెంటర్. వెడల్పు ఎనిమిదడుగులే గానీ లోపలికి రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. రెండు పక్కలా సీలింగు దాకా అరలు, అరల నిండా టూబైటూ తానులు, లైనింగులు, ఫాల్స్ కట్టలు. గల్లాపెట్టె వెనక గాజు బీరువాలో దారం రీళ్లు. ఎవరైనా చీర సంచీతో మెట్టెక్కగానే నాన్న కొంగు ఒకసారి వేళ్ల మధ్య పట్టి చూసి, చెయ్యి చాపి ఒక తాను లాగి, బల్ల మీద పరిచి, దాని మీద చీర మడత పెట్టేవాడు. చాలామటుకు మొదటి తానే అతికినట్టు సరిపోయేది. అయినా కత్తెర పట్టేవాడు కాదు. "బయటికెళ్లి ఎండలో చూసుకోండమ్మా" అనేవాడు. వాళ్లు చీరా తానూ పట్టుకుని మెట్లు దిగి, సైకిళ్ల మధ్య నిలబడి, తల అటూ ఇటూ వంచి చూసుకుని, ఊఁ అంటే అప్పుడు కత్తెర.

నేను బీఎస్సీ ఎంపీసీ. డిగ్రీలో స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చుని, సోడియం దీపం వెలుగులో ప్రిజమ్ కోణాలు కొలిచిన రోజుల్లో కూడా నాన్న మాటకీ నా చదువుకీ సంబంధం ఉందని తట్టలేదు. కొట్టు నా చేతికొచ్చాక, ఒకావిడ నా బల్ల మీద కుట్టిన జాకెట్టు విసిరికొట్టాక తట్టింది.

అది మెరూన్. మా వ్యాపారంలో కొంప ముంచేది మొదట మెరూన్, తర్వాత వంకాయ రంగు, ఆ తర్వాత హాఫ్ వైట్. ఆవిడ కూతురి నిశ్చితార్థానికి పట్టుచీర తీసుకుంది. కార్తీకమాసం, ఆరింటికే చీకటి పడిపోయింది. కొట్లో నాలుగు ట్యూబులైట్లు. వాటి కింద చీరనీ నా టూబైటూనీ పక్కపక్కన పెడితే, చీర ఎక్కడ ఆగిందో జాకెట్టు గుడ్డ ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆవిడా మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను. ఎనభై సెంటీమీటర్లు కోసిచ్చాను. దాని మీద ఆవిడ మగ్గం వర్కు చేయించింది. గుడ్డకి నూట ఇరవై అయితే వర్కుకి నాలుగు వేలు. నిశ్చితార్థం పొద్దున పదింటికి, డాబా మీద, ఎండలో. అక్కడ చీర ద్రాక్షపండు వైపు తిరిగింది, జాకెట్టు ఇటుక వైపు తిరిగింది. ఫొటోలన్నిట్లోనూ అదే.

"మీ నాన్నయితే ఎండలో చూసుకోమనేవాడమ్మాయ్. నువ్వు చెప్పలేదు" అందావిడ. రాత్రి ఏడింటికి ఎండ ఎక్కణ్ణించి తెచ్చేది అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. గుడ్డ డబ్బులు మొత్తం, వర్కు డబ్బులు సగం ఇచ్చి పంపించాను. ఆ రాత్రే డిగ్రీ పుస్తకాలు అటక మీంచి దింపాను.

గుడ్డలో రంగు ఉండదు. రంగు మందు ఉంటుంది. ఆ మందు తన మీద పడిన వెలుగులో కొంత మింగేసి కొంత వదిలేస్తుంది, అంతే దాని పని. వెలుగంటే రకరకాల పొడవుల అలలు. మన కంటికి ఆనేవి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా. పొట్టివి ఊదా, నీలం వైపు. పొడుగువి ఎరుపు వైపు. ఎర్ర గుడ్డ పొడుగు అలల్ని వదిలేసి మిగతావి చాలావరకు మింగేస్తుంది. ఈ మింగుడు ఎంత నాజూకు వ్యవహారమో తెలియాలంటే దిష్టినీళ్లు చాలు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేయగానే ఎర్రబడతాయి. ఎర్ర రంగు ఎవరూ కలపలేదు. పసుపులోని కర్క్యుమిన్ అణువు సున్నం తగిలేసరికి కాస్త రూపు మార్చుకుని, ఇంతకుముందు వదిలేసిన అలల్లో ఇంకొన్నిటిని కూడా మింగుతుంది. మిగిలింది మనకి ఎరుపు. పెళ్లికూతురు గుమ్మంలో నిలబడ్డప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది, హారతి పాట మీద ధ్యాస ఉండదు.

అంతెందుకు, అలలకి కూడా రంగు లేదన్నాడు న్యూటన్. ప్రిజమ్‌తో తెల్ల వెలుగుని విడగొట్టింది ఆయనే. 1704లో వచ్చిన తన పుస్తకంలో, కిరణాలకి రంగు లేదు, ఫలానా రంగని మనకి అనిపించేలా చేసే గుణం మాత్రమే ఉంది అన్న అర్థం వచ్చేలా రాశాడు. అదే మనిషి ఇంద్రధనుస్సుని ముందు ఐదు రంగులుగా చెప్పి, తర్వాత సంగీతంలో స్వరాలు ఏడు కదా అని నారింజ, నీలిమందు రంగు చేర్చి ఏడు చేశాడు. మనం బళ్లో బట్టీ పట్టిన విబ్జియార్ వెనక ఉన్నది సరిగమలు.

మరి రంగు ఎక్కడుంది? కంట్లో మొదలై బుర్రలో తయారవుతుంది. కంటి వెనక పొరలో వెలుగుని పట్టుకునే కణాలు రెండు రకాలు. రాడ్లు దాదాపు 12 కోట్లు, చీకట్లో పనికొస్తాయి, వాటికి రంగు తెలియదు. కోన్లు సుమారు 60 లక్షలు. రంగంతా వీటి పుణ్యమే. కోన్లలో మళ్లీ మూడు రకాలు. వాటిని నేను గుమాస్తాలనుకుంటాను. ఒకడు పొట్టి అలలకి, 420 నానోమీటర్ల చుట్టుపక్కల, బాగా స్పందిస్తాడు. రెండోవాడు 530 దగ్గర. మూడోవాడు 560 దగ్గర. మూడోవాడిని ఎర్ర కోను అంటారు గానీ 560 అంటే నిజానికి పసుపు కలిసిన ఆకుపచ్చే. వాడూ రెండోవాడూ దాదాపు ఒకే ఈడువాళ్లు, పొట్టి అలలవాడు దూరపు చుట్టం.

ఈ గుమాస్తాల్లో ఒక లోపం ఉంది. ఒక్కొక్కడూ "ఇంత వచ్చింది" అని మాత్రమే చెప్పగలడు, "ఏది వచ్చింది" అని చెప్పలేడు. తనకి బాగా ఆనే అల కాస్త వచ్చినా, సరిగా ఆనని అల బోలెడు వచ్చినా వాడి చీటీలో ఒకే అంకె పడొచ్చు. కాబట్టి బుర్రకి చేరేది మూడు అంకెలు. ఆ మూడు అంకెల్నీ ఒకదాంతో ఒకటి పోల్చి, ఇది మెరూన్ అని బుర్ర తేలుస్తుంది.

ఇప్పుడు ఆవిడ జాకెట్టు దగ్గరికి వద్దాం. పట్టుకి ఎక్కువగా యాసిడ్ డైలు వాడతారు, నూలుకి రియాక్టివ్ డైలు. మందులు వేరు, మింగే తీరు వేరు. అయినా ఒక వెలుగులో ఆ రెండు గుడ్డలూ గుమాస్తాల చేత ఒకే మూడు అంకెలు రాయించొచ్చు. అప్పుడు అవి మన కంటికి ఒకటే రంగు. వెలుగు మార్చండి, అంకెలు విడిపోతాయి. ట్యూబులైటు వెలుగులో అన్ని అలలూ సమంగా ఉండవు. లోపల పాదరసం ఆవిరి కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు ఇస్తుంది, గొట్టం లోపల పూసిన పొడి వాటిని మింగి కొన్ని ఎంచుకున్న చోట్ల మాత్రం గట్టిగా వెలుగుతుంది. ఆ ఎంచుకున్న చోట్ల నా మెరూనూ ఆవిడ మెరూనూ ఒకేలా ప్రవర్తించాయి. ఎండలో అన్ని అలలూ ఉంటాయి కాబట్టి తేడా బయటపడింది. ఇలా ఒక వెలుగులో కలిసి ఇంకో వెలుగులో విడిపోయే జంటల్ని మెటామర్లు అంటారు. నాన్న దీన్ని "దొంగ మ్యాచింగ్" అనేవాడు. నాకు నాన్న మాటే నచ్చింది.

తర్వాత ఎల్‌ఈడీలు పెట్టించాను. ఎలక్ట్రీషియన్ "6500 వేయిస్తా మేడమ్, పట్టపగల్లా ఉంటుంది" అన్నాడు. ఉంది, కానీ పగల్లా లేదు. మామూలు తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉన్నది నీలం దీపం, దాని మీద పసుపు పొడి పూత. ఆ నీలం దీపం చేయడం చేతనైనందుకే 2014లో ముగ్గురికి ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. కరెంటు బిల్లు విషయంలో వాళ్లకి దణ్ణం. కానీ చవక బల్బుల్లో ముదురు ఎరుపు అలలు పల్చగా ఉంటాయి, మెరూన్‌కి కావాల్సింది అవే. ఇప్పుడు నేను బల్బు కొనేటప్పుడు వాట్లు చూడను, డబ్బా మీద సీఆర్ఐ, అంటే ఆ బల్బు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, ఎంతుందో చూస్తాను. 90 పైన ఉంటేనే బల్ల మీదికి. వెలుగుతో వ్యాపారం చేసేది మేమొక్కళ్లమే కాదు లెండి. బంగారం కొట్లో నగల మీద పచ్చటి వెలుగు, వెండి సామాన్ల మీద తెల్లటి వెలుగు ఉంటుంది. పుచ్చకాయల బండి మీద కట్టేది ఎర్ర పట్టానే, నీలం పట్టా కట్టినవాణ్ణి నేను చూడలేదు.

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. చీర ఫొటో వాట్సాప్‌లో పెట్టి "అక్కా, దీనికి మ్యాచింగ్ పంపు" అంటుంది. పంపను. దానికి చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. ఫోన్ తెర మీద ఉన్నవి మూడే మూడు దీపాలు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. తెర మీద మామిడిపండు పసుపు కనిపించినప్పుడు అక్కడ పసుపు అల ఒక్కటీ ప్రత్యేకంగా పుట్టించడం లేదు. ఎర్ర దీపం, పచ్చ దీపం కలిసి గుమాస్తాల చేత పసుపు అంకెలు రాయిస్తున్నాయి. తెర అంటేనే దొంగ మ్యాచింగ్. దానికి తోడు రాత్రి పది దాటితే దాని ఫోన్ తనంతట తనే గోరువెచ్చని పసుపులోకి మారుతుంది, ఆ వెలుగులో చూసి ఇది నా గంధం రంగుని హాఫ్ వైట్ అని వాదిస్తుంది.

మూడు రంగుల వెలుగుతో రంగు ఫొటో రప్పించొచ్చని మొదట చేసి చూపించింది మాక్స్‌వెల్ అనే ఫిజిక్స్ ఆయన. 1861లో, లండన్‌లో, దేన్ని ఫొటో తీయించి చూపించాడో తెలుసా? రిబ్బన్! స్కాట్లండ్ గళ్ల రిబ్బను ముడి. మ్యాచింగ్ సెంటర్‌వాళ్లకి ఇది గర్వకారణం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ద్రవాల గుండా మూడు ఫొటోలు తీయించి, మూడిటినీ అదే రంగుల వెలుగుతో ఒకే తెర మీద ఒకదానిమీదొకటి వేస్తే రిబ్బను రంగుల్లో వచ్చింది. తమాషా ఏంటంటే ఆ కాలపు ఫొటో మందుకి ఎరుపు అసలు ఆనదు. మరి ఎరుపు ఎలా వచ్చింది? వందేళ్ల తర్వాత తేల్చారు. ఆ రిబ్బన్లో ఎర్ర భాగం అతినీలలోహిత కిరణాల్ని కూడా వెనక్కి కొట్టిందట, ఎర్ర ద్రవం వాటిని అడ్డుకోలేదట, ఫొటో మందు పట్టుకున్నది వాటిని. చూడండి, మొట్టమొదటి రంగు ఫొటోలోనే అద్దకం మందు మోసం చేసింది.

మా కొట్లో అందరికంటే ముందు ఖాళీ అయ్యే తాను రాణీ రంగు. ఏ పట్టుచీరకైనా అంచుగా వేస్తారు కాబట్టి ఆరునెలలకోసారి తెప్పిస్తాను. ఇంద్రధనుస్సులో వెతకండి, రాణీ రంగు దొరకదు. ఏ ఒక్క అలా దాన్ని పుట్టించలేదు. పొడుగు అలలవాడూ పొట్టి అలలవాడూ గట్టిగా అరిచి, మధ్యవాడు నోరు మూసుకున్నప్పుడు బుర్ర కల్పించుకునేది ఆ రంగు. అంటే నేను ఏటా లోకంలో లేని రంగుని తానులకి తానులు అమ్ముతున్నాను, జీఎస్టీతో సహా.

పేర్ల గొడవ వేరే. "పచ్చ ముక్క ఇవ్వమ్మా" అంటారు పెద్దావిడలు. ఏ పచ్చ? పసుపుపచ్చా, ఆకుపచ్చా? చిలకపచ్చా? పచ్చకామెర్లలో పచ్చ పసుపు, పచ్చగడ్డిలో పచ్చ ఆకుపచ్చ. తెలుగువాళ్ల పచ్చలో రెండూ ఉన్నాయి, పచ్చిదనం కూడా ఉంది. ఉల్లిపొట్టు రంగు, కనకాంబరం, నేరేడుపండు, నెమలిపింఛం, వంకాయ, గంధం, ఇవి ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు, ఇంట్లోవే. ఎంఎస్ బ్లూ అంటే సుబ్బులక్ష్మిగారి నీలం. ఆనందా బ్లూకి ఆ పేరు ఎలా వచ్చిందో హోల్‌సేల్ వాళ్లని అడిగితే నవ్వుతారు. అన్నిటినీ మించి "లైట్‌గా డార్క్‌గా ఉండాలి" అని అడిగే కస్టమర్లు ఉన్నారు. వాళ్లకి ఏం కావాలో నాకు అర్థమవుతుంది. అది ఎలాగో మాత్రం చెప్పలేను.

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కదా. అసలు ప్యారిస్‌లో రాజుగారి గోడతివాచీలు నేసే గోబెలిన్ అనే పెద్ద ఖార్ఖానా ఉంది. 1824లో అక్కడ అద్దకం విభాగానికి షెవ్రుల్ అనే కెమిస్ట్రీ ఆయన్ని పెద్దగా వేశారు. ఆయన ముందుకొచ్చిన ఫిర్యాదు అచ్చం మా కొట్లో వచ్చేదే. మీ నల్ల ఉన్ని మంచి నలుపు కాదు, వెలవెలబోతోంది అని. ఆయన వేరే చోట్ల అద్దిన నల్ల ఉన్ని తెప్పించి పక్కన పెట్టి చూస్తే తేడా లేదు. లోపం మందులో లేదు. నలుపు పక్కన నేసిన నీలం, ఊదా రంగులు దాని నలుపుని చెడగొడుతున్నాయి. ఏ రంగయినా తన పక్కదాన్ని తనకి వ్యతిరేకం వైపు నెడుతుందని తేల్చి 1839లో లావుపాటి పుస్తకం అచ్చేశాడు.

ఇది రోజూ చూస్తాను. ఒకే బూడిద రంగు ముక్క ఎర్రంచు పక్కన పెడితే కాస్త ఆకుపచ్చగా, పచ్చంచు పక్కన పెడితే కాస్త గులాబీగా కనిపిస్తుంది. గుమాస్తాల చీటీలు బుర్రకి నేరుగా పోవు, దారిలో తీసివేతలు జరుగుతాయి. ఎరుపా ఆకుపచ్చా అని ఒక లెక్క, నీలమా పసుపా అని ఒక లెక్క, వెలుగా చీకటా అని ఒకటి. అందుకే నీలం కలిసిన ఎరుపు ఉంటుంది, పసుపు కలిసిన ఆకుపచ్చ ఉంటుంది గానీ ఎర్రటి ఆకుపచ్చ అని ఏ కస్టమరూ అడగదు. లైట్‌గా డార్క్‌గా అడిగినవాళ్లు కూడా అడగలేదు.

బుర్ర ఇంకో పని కూడా చేస్తుంది. మీద పడే వెలుగు ఎలాంటిదో అంచనా కట్టి, దాన్ని తీసేసి చూస్తుంది. పెళ్లి భోజనాలకి పచ్చ షామియానా కింద కూర్చుంటే విస్తట్లో అన్నం మనకి తెల్లగానే ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీస్తే అన్నమూ, మన మొహాలూ ఆకుపచ్చగా వస్తాయి. నిజం చెప్పింది ఫోనే. 2015 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ అంతా ఒక గౌను మీద కొట్టుకుంది గుర్తుందా, తెలుపు బంగారమా, నీలం నలుపా అని? మా వీధి వీధంతా రెండు పార్టీలైంది. అసలు గౌను నీలం, నలుపే. ఆ ఫొటోలో వెలుగు ఎలాంటిదో తెలిసే ఆధారం లేక ఒక్కో బుర్ర ఒక్కోలా తీసివేత చేసింది. నాకు తెలుపు బంగారం కనిపించింది. పదేళ్లుగా బ్లౌజు ముక్కలు కోస్తున్నదాన్ని, సిగ్గేసింది. నాన్నకి చూపిస్తే ఫోన్ వెనక్కిచ్చేసి, "ఎండలోకి పట్టుకురమ్మను" అన్నాడు.

నాన్న చివరి రోజుల్లో తెలుపు తప్పాడు. మెరూన్ తప్పలేదు, ఆకుపచ్చ తప్పలేదు. హాఫ్ వైట్ అడిగితే మీగడ రంగు ఇచ్చేవాడు, తెలుపు అడిగితే హాఫ్ వైట్. ముదురు నీలం, నలుపు కలిపేసేవాడు. వెనక్కి తెచ్చినవాళ్లతో ఎప్పుడూ లేనిది గొడవకి దిగేవాడు. ఆయన కంటికి అవి సరిపోయాయి మరి. వయసు పెరిగేకొద్దీ కంటి లోపలి లెన్సు పసుపు రంగుకి తిరుగుతుంది, పొట్టి అలల్ని లోపలికి రానివ్వదు. ఇది ఏళ్ల తరబడి జరుగుతుంది కాబట్టి బుర్ర షామియానా లెక్కే వేసుకుంటుంది, మనిషికి తెలియదు.

2018లో ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాడు నేను కాఫీ తీసుకెళ్లేసరికి మంచం మీద కూర్చుని, తువ్వాలు చేతిలో పట్టుకుని, ఓసారి కుడికన్ను మూస్తున్నాడు, ఓసారి ఎడమకన్ను మూస్తున్నాడు. "అమ్మాయ్, ఇది చూడు. ఈ కంటికి ఉతికిన తువ్వాలు, ఈ కంటికి టీ వడగట్టిన తువ్వాలు" అన్నాడు. చాలాసేపు అలాగే ఒక కన్ను మార్చి ఒక కన్ను మూసుకుంటూ కూర్చున్నాడు. కిటికీ తలుపుకేసిన నీలం పెయింటు చూసి, ఇది ఎప్పుడు వేయించారని అడిగాడు. అది ఆయన వేయించిందే, పదేళ్ల కిందట.

డాక్టరు వారం బయటికి వెళ్లొద్దన్నాడు. నాలుగో రోజే నల్లకళ్లద్దాలు పెట్టుకుని కొట్టుకొచ్చాడు. అద్దాలు తీసేసి తెల్ల అరల ముందు స్టూలేసుకుని కూర్చుని, తానులన్నీ దింపించాడు. తెలుపులో హాఫ్ వైట్, హాఫ్ వైట్‌లో మీగడ, మీగడలో గంధం, ఐదారేళ్లుగా ఆయన సర్దినవన్నీ కలగాపులగంగా ఉన్నాయి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం రెండు దాకా విడదీస్తూనే ఉన్నాడు, అన్నానికి కూడా లేవలేదు. తర్వాత గల్లాపెట్టెలోంచి ఒక కాగితం తీసి, ఆ నాలుగైదేళ్లలో తను గొడవపెట్టుకున్న కస్టమర్ల పేర్లు గుర్తొచ్చినంతవరకు రాశాడు. ఏడుగురు. తెలుపు తెలుపే కాదని, నీలిమందు పెట్టిన పంచె వేరు, పెట్టనిది వేరని నాకు నేర్పిన మనిషి ఆయన. పచ్చబడ్డ బట్టకి కాస్త నీలం తగిలిస్తే ఆ పచ్చదనం కొట్టుకుపోతుంది. కళ్లకి కూడా నీలిమందు పెట్టుంటే బాగుండేదన్నాడు ఆ సాయంత్రం.

ఇక మా తమ్ముడు. అట్లతద్దికి గోరింటాకు పెట్టుకుని, పొద్దున్నే చేతులు కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని వాడి మొహం ముందు పెట్టేదాన్ని. "ఎలా పండింది రా?" అంటే "ఎక్కడ పండింది?" అనేవాడు. ఏడిపిస్తున్నాడని ఎన్ని మొట్టికాయలు మొట్టానో. వాడికి నిజంగానే కనపడలేదు. చామనఛాయ మీద ఆ ఎరుపు వాడి కంటికి చెయ్యి రంగులోనే కలిసిపోయింది. అమ్మమ్మగారి ఊళ్లో మిరపతోటలోకి వెళ్తే పిల్లలందరం పండుమిరపకాయలు పోటీపడి కోసేవాళ్లం, వాడు మాత్రం కాయ తర్వాత కాయ వేళ్లతో నొక్కి చూసి కోసేవాడు. సోమరి అనుకునేవాళ్లం.

బయటపడింది ఇరవై మూడో ఏట. ఒక ప్రభుత్వోద్యోగానికి రాతపరీక్ష పాసై మెడికల్‌కి వెళ్లాడు. చుక్కల పుస్తకం ముందు పెట్టారు. జపాన్ కంటి డాక్టరు ఇషిహారా 1917లో అచ్చేయించిన పటాలవి. మొదటి పేజీలో 12, అది అందరికీ కనిపిస్తుంది, వాడికీ కనిపించింది. రెండో పేజీలో మనకి 8 కనిపిస్తుంది. వాడికి 3. ఆ తర్వాతి పేజీల్లో చాలావాటిలో చుక్కలే. ఇంటికొచ్చి "అక్కా, పరీక్షలో అంకెలు తప్పు చదివానట" అన్నాడు. లెక్కల్లో తొంభై తగ్గనివాడు.

ఎరుపు, ఆకుపచ్చ కోన్ల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి, ఒకదానికొకటి నకళ్లలా ఉంటాయి. అందుకే నకలు తీసేటప్పుడు తరచూ తేడా వస్తుంది. మగవాడికి ఎక్స్ ఒకటే, అది తల్లి ఇచ్చింది. అది తేడా అయితే ఆదుకునేది లేదు. ఆడవాళ్లకి రెండు ఉంటాయి, ఒకటి మంచిదైతే గడిచిపోతుంది. యూరప్ దేశాల మగవాళ్లలో వందకి ఎనిమిదిమందికి ఈ ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత్వం ఉంటుంది, ఆడవాళ్లలో రెండొందలకి ఒకరికి. మనవాళ్లు "మేనమామ పోలిక" అని ఊరికే అనలేదేమో. మా అబ్బాయి ఐదో తరగతిలో సైన్సు నోట్సులో చెట్టు మొదలు ఆకుపచ్చగా, ఆకులు కాఫీరంగులో వేసుకొచ్చినప్పుడు నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మా తమ్ముడి ఎక్స్‌నే నేను మోసుకొచ్చి వాడి చేతిలో పెట్టాను. మ్యాచింగ్ సెంటర్ వారసుడికి.

రసాయనశాస్త్రంలో పరమాణువుల డాల్టన్ ఉన్నాడు కదా, ఆయనకీ ఇదే. 1794లో మాంచెస్టర్‌లో తన చూపు గురించి తనే ప్రసంగం చేశాడు. ఎర్ర లక్కకీ, ఒక ఆకుకీ మంచి మ్యాచింగ్ కుదురుతుందని రాసుకున్నాడు. మ్యాచ్ అనే మాటే వాడాడు! తన కంటి లోపలి ద్రవం నీలంగా ఉండుంటుందని ఆయన నమ్మకం. చనిపోయాక తీసి చూడమని చెప్పిపోయాడు. 1844లో చూస్తే ద్రవం నీళ్లలా ఉంది. దాచిపెట్టిన ఆ కంటి ముక్కలోంచి 1995లో డీఎన్ఏ తీసి చూస్తే తేలింది, మధ్య గుమాస్తా లేడని.

మా వాడికి మధ్య గుమాస్తా ఉన్నాడు, కాకపోతే కుర్చీ జరుపుకుని మూడోవాడికి మరీ దగ్గరగా కూర్చున్నాడు. ఇద్దరూ దాదాపు ఒకే అంకె రాస్తారు, పోల్చడానికి తేడా మిగలదు. ఇలాంటివాళ్లలో కొందరికి మనకి ఒకేలా ఉన్న ఖాకీ రంగుల మధ్య తేడా కనిపిస్తుందని 2005లో కేంబ్రిడ్జ్ వాళ్లు చూపించారు. గుమాస్తాలు వేరు కాబట్టి మన దొంగ మ్యాచింగ్ వాళ్లకి దొంగ మ్యాచింగ్ కాదు. ఇది చదివిన రోజు వాణ్ణి కూర్చోబెట్టి యూనిఫారం ఖాకీలు పదకొండు ముక్కలు ముందు పెట్టాను. రెండిటిని తీసి, "ఇవి వేరే కదా అమ్మా" అన్నాడు. నాకు ఒకటే. బయటికెళ్లి ఎండలో చూశాను. అక్కడా ఒకటే. బిల్లులు తీసి చూస్తే రెండూ రెండు మిల్లులవి. ఒక్కసారి చూసిందాంతో ఏం తేలదు, ఊహించి చెప్పాడేమో. మళ్లీ అడిగితే "హోంవర్కుంది" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు పదో తరగతి. సెలవుల్లో కొట్లో కూర్చుంటాడు, దారం రీళ్లు వాడి డ్యూటీ. ప్రతి డబ్బాకీ స్కెచ్ పెన్నుతో పేరు రాసి అంటించాను. బాటిల్ గ్రీన్, మెరూన్, రాణీ, ఉల్లిపొట్టు, అలా అరవై ఎనిమిది డబ్బాలు. పేరు అడిగితే చాలు, కరెంటు పోయినా తీసిస్తాడు. మొన్న శుక్రవారం ఒకావిడ బాటిల్ గ్రీన్ రీలు అడిగింది. వీడు డబ్బా తీసి రీలిచ్చాడు. ఆవిడ చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది. మెరూన్.

"ఏరా, ఇదేంటి?" అన్నాను.

వాడు డబ్బా నా ముందుకి తిప్పి పెట్టాడు. బాటిల్ గ్రీన్ అని నా చేతిరాత. క్రితం రాత్రి రీళ్లు సర్దింది నేనే.

"రాసిందీ నువ్వే, సర్దిందీ నువ్వే" అన్నాడు.

ఆవిడ పడీపడీ నవ్వింది. నేను మెరూన్ డబ్బాలోంచి అసలు బాటిల్ గ్రీన్ తీసిచ్చాను. ఆవిడ రీలు చీర మీద పెట్టి, ఇద్దరి మొహాలూ చూసి, ఎందుకైనా మంచిదని మెట్లు దిగి ఎండలోకి వెళ్లింది.